తొలిమంచు అడుగున



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పాటైనదో ఆ పెద్దమనిషి తన పేరు వేదికలమీద వినుటకు ఎన్నడును ఇష్టపడినవాడు కాడు. ఆయన కుమారులును నన్ను ఆ మేరకే కోరిరి గనుక, జీవితమంతయు ఆయన మోసిన పదవితోనే ఆయనను పిలిచెదను. ఆయన బొగ్గుగని సర్దారు. ముప్పది సంవత్సరములకు పైగా గోదావరిఖని బొగ్గుబాయిలలో పనిచేసి, విరమణానంతరము గోదావరి దాటి వచ్చి ఈ జైపూరులో ఇల్లు కట్టుకొని, పెగడపల్లి దగ్గర విద్యుత్కేంద్రపు పొగగొట్టము కొంచెము కొంచెముగా పెరుగుచుండగా అరుగుమీద కూర్చుండి చూచినవాడు. తాను తవ్వించిన బొగ్గు వంటిదే తన కన్నుల ముందర వెలుగుగా మారుచున్నదని ఆయనకొక తృప్తి యుండెడిది.

నేను ఇరువదిరెండేండ్ల ప్రాయమున శిక్షణకై మొదటిసారి బాయి దిగిననాడు ఆయన నాకు చూపినది బొగ్గు కాదు, కప్పు. క్యాప్‌ల్యాంపు వెలుగును పైకి మళ్ళించి, ఎడమ అరచేతిని రాతికి ఆనించి, కుడిచేతి కర్రతో దాని ప్రక్కన మెల్లగా కొట్టెను. గట్టికప్పు కంచుపాత్రవలె ఖంగుమనును. పొర విడిన కప్పు బోలుకుండవలె డబ్బుమనును. అయితే విడిన పొర మిక్కిలి మందమైనప్పుడు శబ్దము గట్టిరాతి శబ్దమువలెనే యుండి చెవిని వంచించును, అప్పుడు అరచేతికి మాత్రము సన్నని వణుకు తెలియును. “చెవి మోసపోతది బిడ్డా, చెయ్యి మోసపోదు. రెండూ పెట్టు” అని ఆయన చెప్పెను. నలుబది ఏండ్ల తరువాత, బొగ్గు అన్నది లేని చోట, పండ్రెండువేల అడుగుల ఎత్తున, ఆ మాట నాకు మరల అక్కరకు వచ్చినది. ఈనాటి నా ప్రసంగమునకు అదియే మూలము.

వేసవి వచ్చిన ప్రతియేటను నలుబదియైదు డిగ్రీల యెండకు పత్రికలకెక్కు రామగుండము పొరుగున నిలిచి, శీతకాలారంభమున హిమాలయములయందు మంచుచరియలు ఎట్లు విరిగిపడునో, ఆ కాలమున అచ్చట నడచువారు ఎట్లు మెలగవలెనో చెప్పబూనుట మీలో కొందరికి దూరపు సంగతిగా తోచవచ్చును. దూరపు సంగతి కాదని నా విన్నపము. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కూడ ఎవరెస్టు శిఖరమెక్కినది. భువనగిరి గుట్టమీద తాళ్ళు పట్టుకొని నేర్చిన పిల్లలు వారు. ఆ దినము మొదలు మన గురుకుల పాఠశాలలలోను, కళాశాలలలోను కొండలమాట ఇంటిమాట అయినది. ఇప్పుడు మంచిర్యాల స్టేషనులో ఢిల్లీ రైలెక్కు కుర్రవాండ్ర వీపుమీది సంచులను చూచినచో, అందరును ఉద్యోగపు పరీక్షలకే పోవుచున్నారని చెప్పలేము. మంచునే ఎరుగని నేలనుండి పోవు ఈ బిడ్డలకు మంచును గూర్చి చెప్పువారెవరు? కప్పు క్రింద బ్రదికిన మనము గాక!

ముందుగా భాషను గూర్చి ఒక్కమాట చెప్పవలెను, ఏలయన ఇచ్చట మాటలేమియే ప్రమాదమునకు మొదటి మెట్టు. మన తెలుగున తెల్లవారి గడ్డిమీద నిలుచు బిందువును మంచే, పౌషమాసమున గోదావరిని కప్పు పొగయు మంచే, కొండమీద రాలు తెల్లని పొడియు మంచే, రాయివలె గట్టిపడిన నీరును మంచే. ఒక్కమాటలో ఇన్ని పదార్థములు ఇమిడియుండుట మన శీతోష్ణస్థితికి సహజము; దోషము కాదు. కాని మన పత్రికలు ఆకాశమునుండి మంచు రాలుటను, వాలుమీది మంచు విరిగి దొర్లుటను గూడ ‘హిమపాత’మనియే వ్రాయుట వలన, రాలిన దినము వేరు, విరిగిన దినము వేరు అను ముఖ్యమైన సంగతి చదువరికి తట్టకుండ పోవుచున్నది. నేనీ ఉపన్యాసమున రాలుదానిని హిమపాతమనియు, విరుగుదానిని మంచుచరియ అనియు వ్యవహరించెదను. చరియ అను మాట మన కొండచరియలో ఉన్నదే, అందరికిని తెలిసినదే.

ఇక పొరల సంగతి. మన గోదావరిలోయ బొగ్గు ఏ శిలలనడుమ ఒదిగియున్నదో ఆ శిలలు ఒకేనాడు పోసిన పోత కావు. ఇసుకరాయి, షేలు, బంకమట్టి పట్టీ, బొగ్గు, మరల ఇసుకరాయి, ఈ విధముగా ఒకదానిపై ఒకటి పేరుకొనినవి. పైనున్న ఇసుకరాయి ఎంత దిట్టమైనదైనను దాని క్రింద వ్రేలిమందపు మట్టిపట్టీ ఒకటి యున్నచో, బొగ్గు తీసిన పిదప ఆ దిట్టమైన రాయియే పలకగా ఊడి పడును. మనము కప్పునకు బోల్టులు వేయుట ఎందులకు? పొరను పొరతో కుట్టుటకే గదా. మంచుదుప్పటియును ఇట్టిదే. ఒక్కొక్క హిమపాతము ఒక్కొక్క పొర. నడుమ గాలి పరచిన పొర వేరు, ఎండ కరగించి రాత్రి గడ్డకట్టించిన పొర వేరు. దానికి బోల్టులు వేయువాడెవడును లేడు.

తొలిమంచు పలుచగా ఉండును గనుక భయములేదని మైదానమువారు తలంతురు. అసలు ప్రమాదమునకు బీజము ఆ పలుచదనమందే యున్నది. అక్టోబరు, నవంబరు మాసములలో పడిన మంచు జేనెడు మందమున వాలుమీద నిలిచినదనుకొనుడు. దాని క్రింది నేల వేసవిలో గ్రహించిన వేడిని ఇంకను విడువక సుమారు సున్న డిగ్రీల దగ్గర ఉండును. పైన ఆకాశము నిర్మలముగా నుండి, రాత్రియంతయు మంచుపైభాగము తన వేడిని నక్షత్రములకు అర్పించి, సున్నకు పదియో పదునైదో డిగ్రీల దిగువకు పడిపోవును. జేనెడు మందములోనే ఇంత భేదము! పది సెంటీమీటర్ల మందమునకు ఒక డిగ్రీని మించి భేదమున్నచో చాలును, అడుగునుండి ఆవిరి పైకి ప్రాకుచు, రేణువులను పట్టియుంచిన సన్నని బంధములను క్షీణింపజేసి, ఆ రేణువులనే పలకలు తేరిన పెద్ద స్ఫటికములుగా మార్చివేయును. మంచు ఏడెనిమిది అడుగుల మందమున్నచోట ఇదే భేదము ఆ మందమంతట పంచబడి నిరపాయమగును. పలుచని చోట మాత్రము పదునెక్కును. కావున దుప్పటి ఎంత పలుచనో అడుగు అంత పాడగును. సూర్యుడు తొంగిచూడని ఉత్తరపు వాలులయందు ఈ పాడుదనము వారములకొలది చెక్కుచెదరక నిలుచును. అటుపిమ్మట పౌష మాఘములలో పశ్చిమ అలజడులు వచ్చి, మూడు నాలుగు అడుగుల క్రొత్తమంచును దానిమీద పోయును. పళ్ళెములో చక్కెర పరచి, దానిమీద అట్టముక్క నుంచి, పళ్ళెమును మెల్లగా వంచి చూడుడు. కొంతవరకు అట్టముక్క కదలదు. కదలినప్పుడు మొత్తమొక్కసారిగా కదలును. పీర్‌పంజాల్ వంటి దిగువశ్రేణులకంటె లడఖ్, కారకోరము వంటి చలియెక్కువై మంచు తక్కువైన శ్రేణులలో ఈ చక్కెరమంచు అధికము.

పదవీవిరమణ చేసిన మరుసటి డిసెంబరులో, మేము నలుగురైదుగురు స్నేహితులము, ఉత్తరాఖండములోని సాంక్రి గ్రామమునుండి కేదారకాంఠ శిఖరమునకు బయలుదేరితిమి. మాకు దారిచూపినవాడు ఆ ఊరివాడే, నలుబదేండ్లవాడు, మితభాషి. రెండవనాటి ఉదయమున అడవి ముగిసి తెల్లని బయలు మొదలైనచోట, ఎదుటి వాలును అడ్డముగా దాటినచో గంట కలిసివచ్చునని మాలో ఒకరు సూచించిరి. అతడు బదులు చెప్పలేదు. సంచిలోని పారను తీసి, మోకాటిలోతు గుంట త్రవ్వి, గోడను చేతితో చక్కగా నునుపుచేసి, నన్ను దగ్గరకు పిలిచెను. పైన అంగుళము మందమున గట్టి పెంకు. దాని క్రింద మెత్తని తెలుపు. అన్నిటికిని అడుగున, నేలనంటి, నాలుగు వ్రేళ్ళ మందమున బూడిదరంగు పొర. అతడా పొరలోనికి చేయి దూర్చి పిడికెడు తీసి నా అరచేతిలో పోసెను. నేను పిడికిలి బిగించి తెరచితిని. ముద్ద కట్టలేదు. గింజలు గింజలుగా, మెరయుచు, వ్రేళ్ళసందులనుండి జారిపోయినవి. ‘చీనీ హై, బాబూజీ’, చక్కెర యని మాత్రము అతడనెను.

అచ్చటినుండి పది అడుగులు వేసితిమో లేదో, చదునునేల మీదనే, మా పాదముల క్రింద ‘ధుమ్’మని ఒక లోతైన శబ్దము పుట్టి, మంచు అంతయు అంగుళము దిగబడినట్లై, సన్నని బీట ఒకటి నా బూటు కొననుండి ఎదుటివాలు వైపు పరుగెత్తెను. మిగిలినవారు చూచి ఆశ్చర్యపడిరి. నా ఒళ్ళు మాత్రము నాకు తెలియకుండనే రెండడుగులు వెనుకకు వేసినది. ఆ శబ్దము నేనెరిగినది. కప్పు దిగుటకు ముందు బాయిలో వినబడునదే అది; ‘కప్పు మాట్లాడుతాంది’ అని మన సర్దారులు మనుష్యులను వెనుకకు మరలించునప్పటి శబ్దమే. అడుగున చక్కెరపొర కూలి, దానిలోని గాలి తప్పించుకొన్నప్పుడు పుట్టు ధ్వని అది. చదునున గనుక దిగబడి ఊరకున్నది. అదే వాలుమీదనైనచో ఆ బీటతో పాటు మేమును పోయియుందుము. మా దారిచూపరి వాలును విడిచి, చెట్లతో నిండిన గట్టువెంబడి మమ్ము తిప్పెను. మూడు గంటలు ఆలస్యమైనది, శిఖరము చేరలేదు. ఇంతదూరము వచ్చి, ఇంత సొమ్ము వెచ్చించి, శిఖరము చూడకుండ పోవుటయా అని మాలో ఒకరు ఆ సాయంకాలము చాల బాధపడిరి. వారి బాధ నాకర్థమైనది. కాని నాకు మాత్రము ఆ దినము సర్దారుతో గడిపిన దినమువలెనే తోచినది.

ఇప్పుడు మన తీరమునకు సంబంధించిన ఒక చరిత్ర చెప్పవలసియున్నది. 2014 అక్టోబరు 12న, ఆదివారమునాటి మధ్యాహ్నమున, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. హుద్‌హుద్ అనగా మన కూకుడుగువ్వ. ఒమాను దేశమువారు సూచించిన పేరది. ఆ గువ్వ విశాఖలో చెట్టన్నది నిలువనీయక, విమానాశ్రయపు కప్పును చెదరగొట్టి, కైలాసగిరిని మోడుగా చేసి పోయినది మీకందరికిని జ్ఞాపకమే. తీరము దాటినతోడనే తుపాను కథ మనకు ముగిసినది. వార్తలు సహాయశిబిరములమీదికి మరలినవి. కాని తుపాను ముగియలేదు. అది ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరమునకు నడచి, గంగామైదానము దాటి, రెండు దినములకు నేపాళమందలి అన్నపూర్ణ, ధవళగిరి శ్రేణులను తాకెను. మన సముద్రమునుండి గైకొన్న నీటిని అచ్చట మంచుగా క్రుమ్మరించెను.

అక్టోబరు మాసము నేపాళమున యాత్రికులకు ఉత్తమకాలము. వానలు వెనుకబట్టి ఆకాశము అద్దమువలెనుండును. 5,416 మీటర్ల ఎత్తుననున్న థొరాంగ్ కనుమను దాటి ముక్తినాథమునకు దిగవలెనని 14వ తేదీ తెల్లవారకమునుపే వందలకొలది జనము బయలుదేరిరి. ముక్తినాథము మనకు పరాయిది కాదు. నూటయెనిమిది దివ్యదేశములలోని సాలగ్రామమదియే. మన ఇండ్లలోని దేవతార్చన పెట్టెలలో ఉన్న సాలగ్రామములు ఆ గండకీనది యొడ్డునుండి వచ్చినవే. కనుమ దాటుచుండగా మంచు ముంచుకొని వచ్చినది. కనుమమీది చిన్న టీదుకాణములో తల దాచుకొన్నవారు, చలికి ఓర్వలేక, అది చాలక, మరల తుపానులోనికే దిగిరి. కొందరు దారి తప్పి గడ్డకట్టిరి. కొందరిని మంచుచరియలు కప్పినవి. ధవళగిరి ఆధారశిబిరమున మరికొందరు మంచు క్రింద పోయిరి. మొత్తము నలుబదిమందికి పైగా అసువులు బాసిరి. విశాఖలో కప్పులు కోల్పోయినవారును, థొరాంగులో ప్రాణములు కోల్పోయినవారును ఒక్క తుపాను బాధితులే. కాని ఆ రెండు వార్తలు రెండు వేరు పుటలలో అచ్చయినవి.

ఇది ఒక్కసారి జరిగినది కాదు. 1995 నవంబరు 9న ఆంధ్ర, ఒరిస్సా తీరముల సరిహద్దున, గోపాలపురము దాపున, ఒక తుపాను తీరమెక్కి ఇదేరీతిని నేపాళమునకు పోయి, ఎవరెస్టు ప్రాంతమున గోక్యో లోయలో అనూహ్యమైన మంచును కురిపించినది. లోయయడుగున ఒక విడిదిలో రాత్రి నిద్రించుచున్న పదుముగ్గురు జపానుదేశపు యాత్రికులును, వారి నేపాళీ సహచరులును పైవాలు విరిగిపడి మరణించిరి. వారు శిఖరమెక్కుచున్నవారు కారు; ప్రమాదమునకు ఎదురేగినవారును కారు; ఇంటిలో పండుకొన్నవారు. వాలు క్రింద పండుకొనుట కూడ వాలుమీద నడచుటయే అని ఆ రాత్రి చెప్పుచున్నది.

ఈ రెండు సంగతులను కలిపి చూచినప్పుడు తెలుగువారికే ప్రత్యేకముగా తెలియదగిన ఒక నియమము కనబడును. బంగాళాఖాతమున వాయుగుండమేర్పడినదని విన్నతోడనే మన ఉప్పాడ జాలరి, మన భీమిలి జాలరి పడవను ఒడ్డుకు లాగి కట్టును. ఆ హెచ్చరిక ఆ జాలరికెంతయో, మూడునాలుగు దినముల తరువాత హిమాలయమున కనుమ దాటనున్న మన కుర్రవానికిని అంతయే. అక్టోబరు, నవంబరు నెలలు తుపానులకును కాలమే, పర్వతయాత్రలకును కాలమే. కొండమీద ఆకాశము ఎంత నీలముగా ఉన్నను, దక్షిణమున సముద్రము కలగినదా అని ఒకసారి విచారింపక కనుమకు బయలుదేరరాదు. తుపాను మనదని తెలిసినవారము మనమే; ఆ మాట పైకి చేరవేయవలసినవారమును మనమే.

తొలిమంచు శిక్షణ పొందినవారిని గూడ మన్నింపదు. 2022 అక్టోబరు 4న, ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణార్థులు ద్రౌపదీ కా డాండా శిఖరపు సమీపమున ఉండగా చరియ విరిగి వారిని ఒక మంచుబీటలోనికి త్రోసినది. ఇరువదియేడు శవములు దొరికినవి. ఇద్దరి జాడ తెలియలేదు. అదే సంవత్సరము మే నెలలో పదునారు దినముల వ్యవధిలో ఎవరెస్టును, మకాలును ఎక్కిన సవితా కంస్వాల్ ఆ మృతులలో ఉన్నది. ఆమె నేర్పునందు లోపమేమియు లేదు. మంచునకు మనిషి యోగ్యతాపత్రములు తెలియవు.

సరే, నడువవలసినవాడు ఎట్లు నడువవలెను? ఏ వాలు విరుగును అన్నది మొదటి ప్రశ్న. ముప్పది డిగ్రీలనుండి నలుబదియైదు డిగ్రీలవరకు ఉన్న వాలులయందే చరియలు అధికముగా విరుగును. ముప్పదియెనిమిది డిగ్రీల ఇటునటు మరింత. ఇందారమువైపు పోవునప్పుడు మీరు నిత్యము చూచు, బొగ్గుపైనుండి తొలగించి పోసిన ఓబీ మట్టికుప్పల వాలును జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఆ కుప్ప 37.5 డిగ్రీలను మించి నిటారుగా ఉండరాదని గనుల నిబంధన. దాదాపుగా ఆ వాలే మంచునకు మారకపు వాలు. అంతకంటె మెల్లనైన వాలున మంచు నిలుచును. మిక్కిలి నిటారైనచోట పడినది పడినట్లే జారిపోయి పేరుకొనదు. ఈ కొలత కన్నునకు అబ్బినవాడు మన బిడ్డయే. వాడు దానిని కొండమీదికి తీసికొనిపోవలెను. తాను నిలిచిన చోటు చదునైనను తలపైన ఏమున్నదో చూడవలెను. బాయిలో సర్దారు చెప్పినదియు ఇదే: “మొదలు పైకి సూడాలె, తర్వాతనే ముందుకు.”

రెండవది గాలి. ఆకాశమునుండి ఒక్క పొడి రాలకపోయినను, గాలి ఒకవైపు వాలునుండి మంచును చెక్కి గట్టు దాటించి రెండవవైపు పేర్చును. ఆ పేర్చిన పలక చూచుటకు నున్నగా, నడుచుటకు ఇంపుగా, అడుగున మాత్రము పట్టులేక ఉండును. తొలి రోజులలో మంచు అన్నదే లభించు చోటులు ఇట్టి గాలిచాటు గుంతలే గనుక, మంచుమీద నడువవలెనను ముచ్చటతో వచ్చినవాడు నేరుగా ఆ ఉచ్చులోనికే పోవును. అడుగున రాళ్ళును, చెట్లమొద్దులును ఇంకను కప్పబడియుండవు. కావున చిన్నచరియ లాగినను మనిషి ఊపిరాడక కాదు, రాతికి కొట్టుకొని పోవును. హిమపాతమో, పెనుగాలియో ఆగిన పిదప ఒకటిరెండు దినములు వాలులను విడిచియుండుట ఉత్తమము. మనాలిలో 1969లో స్థాపితమై, 2020లో మరియొక సంస్థతో కలిసి డీజీఆర్ఈ అను పేరు దాల్చిన రక్షణశాఖ పరిశోధనాసంస్థ ఐదు స్థాయిలుగా ప్రమాదసూచనలు వెలువరించుచున్నది. ఆ సూచనను చదువక బయలుదేరుట, కప్పు తనిఖీ కాకముందే షిఫ్టు దిగుటవంటిది.

మూడవది మనుష్యుల నడక. ప్రాణము తీసిన చరియలలో పదింట తొమ్మిది ఆ బృందములోనివారి బరువుచేతనే విరిగినవని పాశ్చాత్యదేశముల అనుభవము. కొండ తనంతట విరిగి మనమీద పడుటకంటె మనమే దానిని విరుచుకొనుట ఎక్కువ. కావున అనుమానపు వాలును దాటక తప్పనప్పుడు ఒక్కొక్కరే దాటవలెను. మిగిలినవారు భద్రమైన చోట నిలిచి, దాటువానిమీదనుండి కన్ను త్రిప్పరాదు. ప్రతివానియొంటిమీద సంకేతములు పంపు బీకన్ పరికరము, సంచిలో మడచిపెట్టు శోధనకడ్డీ, పార, ఈ మూడును ఉండవలెను. ఒకటి లేకున్న తక్కిన రెండును వ్యర్థము. 2001లో ప్రకటితమైన స్విట్జర్లండు లెక్కల ప్రకారము, మంచులో పూడినవారిని పదునెనిమిది నిమిషముల లోపల వెలికి తీసినచో నూటికి తొంబదిమంది బ్రదుకుదురు. ముప్పదియైదు నిమిషములకు ఆ సంఖ్య నూటికి ముప్పదినాలుగునకు పడిపోవును. బాయిలో ప్రమాదము జరిగినచో రామగుండమునుండి మైన్స్ రెస్క్యూ స్టేషనువారు వత్తురు. కొండమీద వచ్చువారెవరును లేరు. ఆ పదునెనిమిది నిమిషములకు నీ ప్రక్కవాడే రెస్క్యూ స్టేషను. వాడు పార పట్టుట ఎన్నడైన అభ్యసించెనా?

అన్నిటికంటె కష్టమైనది వెనుకకు తిరుగుట. బాయిలో ఇది సులభము, ఏలయన అచ్చట నియమమున్నది: సర్దారు అడ్డుకర్ర కట్టినచో మేనేజరైనను దాటడు, వెనుకకు మరలినవానిని పిరికివాడని ఎవరును అనరు. ఆ నియమము ఊరక పుట్టలేదు. 2003లో, జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి పదునేడుగురును, నాలుగు నెలలకే అక్టోబరు 16న 8ఏ ఇంక్లైనులో కప్పు కూలి పదుగురును పోయిన సంవత్సరము ఈ సభలో అనేకులకు ఇంటిదుఃఖము. అట్టి దుఃఖములనుండియే ఒక్కొక్క నిబంధన వ్రాయబడినది. కొండమీద అడ్డుకర్ర కట్టువాడు లేడు. నడచువానికి సెలవు నాలుగుదినములే యున్నది. తిరుగుటికెట్టు రిజర్వు అయినది. ఛాయాచిత్రము ఇంటివారికి పంపెదనని మాట యిచ్చినాడు. తోటివారు ముందుకు పోవుచున్నారు. ఈ నాలుగింటి బరువు వాలుమీది మంచుబరువుకంటె తక్కువది కాదు. అందుచేత వెనుకకు తిరుగవలసిన గడియను, తిరుగుమని చెప్పు మనిషిని, బయలుదేరుటకు ముందే, వెచ్చని గదిలోనే, అందరును ఒప్పుకొని నిర్ణయించుకొనవలెను. కొండమీద వాదించుటకు ఊపిరి చాలదు.

సర్దారు చివరిదినములలో నేనాయనను చూడవచ్చినప్పుడు, సాంక్రి పైని ఆ గుంటను గూర్చి చెప్పితిని. మంచములో పడియుండియు ఆయన శ్రద్ధగా విని, ‘ఆ పోరడు కప్పు సూసినట్టే సూసిండు’ అని, కొంతసేపటికి, ‘మల్ల మనోళ్ళు పోతే ఎవలు సూపిస్తరు?’ అని అడిగెను. ఆ ప్రశ్నకు నేనప్పుడు సమాధానము చెప్పలేదు. ఈ ఉపన్యాసము అంగీకరించుటకు అదియే కారణము.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! మీ బిడ్డ హిమాలయమునకు పోయెదనని వచ్చినప్పుడు వద్దనకుడు. పోనిండు, పూర్ణను కన్న నేల ఇది. కాని టికెట్టు కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: ఏ వాలును దాటుదువు? వెనుకకు రమ్మని చెప్పువాడెవడు? పార ఎవరి సంచిలో ఉన్నది? మూడింటికిని సమాధానము వచ్చువరకు మంచిర్యాల స్టేషనుకు పంపవద్దని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.